అందరి పళ్ళూ ఒకేలా పుచ్చవు: బెంగళూరులో దంతశిబిరాలు నడిపే తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధ్యక్ష, కార్యదర్శులకు, కార్యవర్గ సభ్యులందరికీ నమస్కారాలు.

బెంగళూరులో మీరు ఏటా నడిపే ఉచిత దంతవైద్య శిబిరాలలో పళ్ళు చూసే బల్ల దగ్గర ఎన్నో ఏళ్ళుగా కూర్చుంటున్న దంతవైద్యురాలిగా ఈ లేఖ రాస్తున్నాను. కె.ఆర్.పురం, మారతహళ్ళి, ఎలక్ట్రానిక్ సిటీ ప్రాంతాల అపార్టుమెంట్లలో ఉండే ఉద్యోగుల పిల్లలు మొదలుకొని, వర్తూరు వైపు రేకుల షెడ్లలో ఉండే భవన నిర్మాణ కూలీల పిల్లల దాకా, నగర వీధులు ఊడ్చే, తెలుగు మాట్లాడే పౌరకార్మికుల కుటుంబాల దాకా, నొప్పి భరించలేని స్థితి వస్తే తప్ప డాక్టరు దగ్గరికి వెళ్ళని ఎందరినో మీ శిబిరాలు మా ముందుకు తెస్తున్నాయి. ఆ మేలు చిన్నది కాదు. అందుకే, ఆ శిబిరాలు ఇప్పుడు నడుస్తున్న తీరులో ఒక లోపం ఉందనీ, అది కొద్దిపాటి శ్రమతో సరిదిద్దుకోగలిగినదేననీ మీకు విన్నవించడం నా బాధ్యత అనుకుంటున్నాను.

మన శిబిరాలన్నీ ఒకే ఊహ మీద నడుస్తున్నాయి. పన్ను పుచ్చిందంటే తోముకోలేదని అర్థం, తోముకోవడం నేర్పితే పుచ్చు ఆగిపోతుంది అన్నదే ఆ ఊహ. అందువల్ల వచ్చిన ప్రతివారికీ ఒక బ్రష్షు, ఒక చిన్న పేస్టు, ఇరవై నిమిషాల ఉపన్యాసం ఇచ్చి పంపుతున్నాం. అంతటితో ఆగినా బాగుండేది. పండుగ వేడుకల్లో పలువరుస పోటీ పెట్టి, పుచ్చు లేని పిల్లలను వేదిక మీదికి పిలిచి బహుమతి ఇచ్చి, మిగతావారిని “రేపటినుంచైనా బద్ధకం మానండి” అని మైకులో మందలించడం కొన్ని సంఘాలలో ఆనవాయితీ అయింది. ఆ మందలింపు విని తలవంచుకుని కుర్చీలోకి వెళ్ళిన పిల్లల్లో, బహుమతి అందుకున్న పిల్లల కంటె శ్రద్ధగా పళ్ళు తోముకునేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ నోళ్ళు చూసిన మనిషిగా ఈ మాట గట్టిగా చెప్పగలను.

ఒకే తల్లి బిడ్డలు, ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే పేస్టుతో ఒకే వేళకు తోముకునే అక్కాతమ్ముళ్ళు మీ శిబిరానికే వచ్చారు. తమ్ముడి నోట్లో ఒక్క పుచ్చూ లేదు. పదేళ్ళ అక్కకు మాత్రం దవడపళ్ళు నాలుగు చెడ్డాయి. తల్లి ఆ అమ్మాయిని అందరి ముందూ తిడుతూనే ఉంది. నేను అడిగితే తెలిసిన సంగతి ఏమిటంటే, ఆ అమ్మాయికి చిన్నప్పటినుంచి ఉబ్బసం ఉంది, రోజూ ఇన్‌హేలర్ పీలుస్తుంది, జలుబు చేసినప్పుడల్లా తియ్యటి సిరప్పులు తాగుతుంది, నోరు ఎండిపోతోందని రాత్రి నిద్ర మధ్యలో లేచి గ్లూకోజు కలిపిన నీళ్ళు తాగి పడుకుంటుంది. ఇందులో బద్ధకం ఎక్కడుంది? ఆ అమ్మాయికి మనం ఇచ్చిన బ్రష్షు తమ్ముడికి ఇచ్చిన బ్రష్షే. తమ్ముడికి అది సరిపోతుంది. అక్కకు చాలదు.

ఎందుకు చాలదో అర్థం కావాలంటే పన్ను ఎలా పుచ్చుతుందో కాస్త వివరంగా చెప్పాలి. పంటి పైపొరను ఎనామెల్ అంటారు. మన శరీరంలో అన్నింటికన్నా గట్టి పదార్థం అదే, దాని బరువులో నూటికి 96 పాళ్ళు ఖనిజమే. ఈ ఖనిజం ఆమ్లంలో కరుగుతుంది. పళ్ళ మీద పేరుకునే పాచిలో కోట్లాది సూక్ష్మజీవులు ఉంటాయి. 1924లో కిలియన్ క్లార్క్ అనే శాస్త్రవేత్త పుచ్చుపళ్ళలో గుర్తించి పేరు పెట్టిన స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ వాటిలో బాగా పేరుపడ్డది. మనం తిన్న చక్కెరను ఇవి నిమిషాల్లో ఆమ్లంగా మారుస్తాయి. ఆమ్లం ఎంతుందో చెప్పే కొలతను పీహెచ్ అంటారు, అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువని అర్థం. పంటిని అంటుకుని ఉన్న పాచిలో పీహెచ్ సుమారు 5.5 కంటె కిందికి దిగితే ఎనామెల్ నుంచి కాల్షియం, ఫాస్ఫేట్ బయటికి వచ్చేస్తాయి. తినడం ఆపిన తరువాత లాలాజలం ఆ ఆమ్లాన్ని పలచబరిచి, విరిచి, పోయిన ఖనిజాన్ని తిరిగి పంటికి అందిస్తుంది. దీనికి సాధారణంగా అరగంటనుంచి గంట పడుతుంది. అంటే మన పళ్ళు రోజూ కొంచెం కరుగుతూ, కొంచెం పూడుతూ ఉంటాయి. నెలల తరబడి కరగడం ఎక్కువై, పూడడం తక్కువైన నోటిలోనే గుంట పడుతుంది.

1940లలో అమెరికాలో రాబర్ట్ స్టీఫన్ చేసిన పరీక్షలు మన విషయానికి చాలా దగ్గరవి. గ్లూకోజు ద్రావణంతో నోరు పుక్కిలించిన వెంటనే పాచిలోని ఆమ్లం ఎలా పెరుగుతుందో, ఎంతసేపటికి తగ్గుతుందో ఆయన కొలిచాడు. పుచ్చు లేనివారిలో పీహెచ్ కొద్దిగా పడి త్వరగా తేరుకుంది. పుచ్చు ఎక్కువగా ఉన్నవారిలో మొదలే తక్కువగా ఉండి, ఇంకా కిందికి పడి, ఆలస్యంగా తేరుకుంది. ఇద్దరి నోట్లోనూ పడినది అదే ద్రావణం. తేడా అంతా నోటిలోనే ఉంది. దంతవైద్య విద్యార్థులకు ఇప్పటికీ మొదటి సంవత్సరాల్లోనే నేర్పే ఈ సంగతి మన శిబిరాల ఉపన్యాసాల్లో మాత్రం ఎన్నడూ వినిపించదు.

నోటిలోని ఆ తేడాల్లో నేను అన్నిటికన్నా ముందు చెప్పదలచినది లాలాజలం గురించి, ఎందుకంటే దాని గురించి శిబిరాల్లో ఎవరూ అడగరు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి రోజుకు సుమారు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. అందులోని బైకార్బనేట్ ఆమ్లాన్ని విరుస్తుంది, కాల్షియం, ఫాస్ఫేట్‌లు పంటిని పూడుస్తాయి. నిద్రలో ఈ ఊట దాదాపు ఆగిపోతుంది. కనుకనే రాత్రి పడుకోబోయే ముందు తిన్న చిన్న మిఠాయి ముక్క, పగలు భోజనంతో తిన్న పెద్ద లడ్డూ కంటె ఎక్కువ చెరుపు చేస్తుంది. ఇక కొందరికి పగలు కూడా లాలాజలం తక్కువే. అలర్జీకి వాడే మాత్రలు, మానసిక కుంగుబాటుకు ఇచ్చే కొన్ని మందులు, రక్తపోటుకు వాడే, మూత్రం ఎక్కువ పోయేలా చేసే నీటిమాత్రలు, అదుపులో లేని మధుమేహం, తలకు, మెడకు చేసిన రేడియేషన్ చికిత్స నోటిని ఎండగడతాయి. అరవై దాటిన పెద్దలు మీ శిబిరాలకు ఎంతోమంది వస్తారు. వారిలో చాలామంది రోజుకు మూడు నాలుగు రకాల మాత్రలు మింగుతున్నవారే. వారి చిగుళ్ళు వయసుతో కిందికి జారి పంటి వేరు బయటపడి ఉంటుంది. వేరుకు ఎనామెల్ రక్షణ లేదు, అక్కడి పదార్థం ఎనామెల్ కంటె తక్కువ ఆమ్లానికే కరుగుతుంది. జీవితమంతా ఒక్క పన్ను కూడా పుచ్చని పెద్దాయనకు డెబ్బయ్యో ఏట వరసగా అరడజను పళ్ళు చిగురు అంచున పుచ్చడం చూస్తే ఇంట్లోవారు వయసు మీదపడిందని సరిపెట్టుకుంటారు. నేనైతే ముందు ఆయన మందుల చీటీ అడుగుతాను.

రెండోది తీపి. పళ్ళకు తీపి చేటు అని తెలియనివారు లేరు. ఎంత తిన్నామన్నదానికన్నా ఎన్నిసార్లు తిన్నామన్నది ముఖ్యమని తెలిసినవారు మాత్రం తక్కువ. స్వీడన్‌లో లుండ్ నగరం దగ్గర వీపెహోల్మ్ ఆసుపత్రిలో 1940ల మధ్య నుంచి కొన్నేళ్ళపాటు ఒక అధ్యయనం జరిగింది. బుద్ధిమాంద్యం ఉన్న రోగులకు వారి అనుమతి లేకుండానే రకరకాలుగా తీపి పెట్టి పళ్ళను గమనించారు. అది అన్యాయమైన పని, ఈనాడు ఏ దేశమూ అలాంటిదాన్ని ఒప్పుకోదు. ఆ అభాగ్యుల బాధ వల్ల లోకానికి తెలిసినదేమిటంటే, భోజనంతో పాటు తిన్న చక్కెర పుచ్చును పెద్దగా పెంచలేదు, భోజనానికీ భోజనానికీ మధ్య తిన్న, పళ్ళకు అతుక్కునే టోఫీలు విపరీతంగా పెంచాయి. మరో సంగతి కూడా అందులోనే బయటపడింది. అవే టోఫీలు తిన్నా కొందరికి కొత్త పుచ్చు రాలేదు.

దీన్ని మన బెంగళూరు జీవితానికి అన్వయించి చూడండి. తెల్లవారకముందే ఇల్లు వదిలి వీధి ఊడ్చే పౌరకార్మికురాలు పది గంటల దాకా కడుపులో వేసుకునేది చక్కెర దట్టంగా పోసిన టీ, అందులో ముంచిన బన్ను. రాత్రి షిఫ్టు చేసే సాఫ్టువేర్ కుర్రవాడు ఒక కూల్‌డ్రింకు సీసాను మూడు గంటలపాటు గుక్కగుక్కగా తాగుతాడు. షెడ్డులో చంటిబిడ్డను పడుకోబెట్టి పనిలోకి వెళ్ళే తల్లి, బిడ్డ ఏడవకుండా చక్కెర కలిపిన పాలసీసా నోట్లో ఉంచి వెళుతుంది. వీరెవరూ మనం అనుకునే అర్థంలో తీపి తినేవారు కారు. పౌరకార్మికురాలిని “మిఠాయిలు తింటావా” అని అడిగితే లేదనే చెబుతుంది, అది నిజం కూడా. “టీ ఎన్నిసార్లు తాగుతారమ్మా” అని అడిగితే గానీ అసలు సంగతి బయటికి రాదు. బెల్లం మంచిదని బెల్లం టీకి మారినవారికి ఒక మాట చెప్పాలి: పళ్ళ మీది సూక్ష్మజీవులకు చక్కెర, బెల్లం రెండూ ఒకటే, తేనె కూడా అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచన ప్రకారం, ఆహారంలో కలిపే చక్కెరల నుంచి వచ్చే శక్తి రోజు మొత్తంలో నూటికి 10 పాళ్ళు మించకూడదు, 5 పాళ్ళ లోపు ఉంటే ఇంకా మంచిది. తేనె, పళ్ళరసాలలోని చక్కెర కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

ఈ సందర్భంలోనే ఒక విన్నపం. మీ ఆదివారం తెలుగు తరగతుల్లో పద్యం అప్పగించిన పిల్లవాడికి చాక్లెట్టు, విరామంలో ప్రతివారికీ అట్టడబ్బా పళ్ళరసం ఇస్తున్నారు. దంతశిబిరం రోజున కూడా అదే జరగడం నేను చూశాను. వేయించిన వేరుశనగలు, ఉడికించిన సెనగలు, అరటిపండు పెట్టినా పిల్లలు తింటారు.

మూడో తేడా పన్ను పుట్టుకలోనే ఉంది. ఎనామెల్‌ను తయారుచేసే కణాలు పన్ను చిగురు చీల్చుకుని బయటికి రాగానే నశిస్తాయి. ఆ తరువాత శరీరం కొత్త ఎనామెల్‌ను తయారుచేయలేదు. కడుపులో ఉన్నప్పుడు, పుట్టిన మొదటి మూడు నాలుగేళ్ళలో బిడ్డకు జరిగినవి అందుకే పంటిలో శాశ్వతంగా నిలిచిపోతాయి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో, చిన్నతనంలో తీవ్రమైన జబ్బుపడిన పిల్లల్లో, పోషణ చాలని పిల్లల్లో ఎనామెల్ పలచగానో, గరుకుగానో, సుద్దలాగానో ఏర్పడవచ్చు. కొందరు పిల్లలకు మొదటి శాశ్వత దవడపళ్ళు వచ్చేటప్పుడే పసుపు, గోధుమరంగు మచ్చలతో, చల్లనీళ్ళు తగిలినా జివ్వుమనేంత సున్నితంగా వస్తాయి. అలాంటి పన్ను తోమితే నొప్పి కనుక బిడ్డ ఆ వైపు తోమడు. తోమనందుకు మళ్ళీ తిట్లు. వంశపారంపర్యం పాత్ర కూడా కొంత ఉందని కవలల మీద జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి. ఎనామెల్ నిర్మాణం, లాలాజలం తీరు, తీపి మీద ఉండే ఇష్టం, దవడపళ్ళ గాళ్ళ లోతు ఇవన్నీ కొంతవరకు తల్లిదండ్రుల నుంచి వచ్చేవే. అయితే “మా వంశంలో పళ్ళు ఇంతే” అని చేతులు ముడుచుకోవడానికి అది కారణం కారాదు. పళ్ళు బలహీనమని తెలిసిన కుటుంబానికి ముందే జాగ్రత్తపడే అవకాశం ఉంది.

ఆరేళ్ళ పన్ను గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఆరో ఏట, పాలపళ్ళన్నిటికీ వెనక, ఏ పన్నూ ఊడకుండానే మొదటి శాశ్వత దవడపన్ను వస్తుంది. ఏదీ ఊడలేదు కనుక తల్లిదండ్రులు అది కూడా పాలపన్నే అనుకుంటారు. దాని నమిలే భాగంలోని గాళ్ళు బ్రష్షు వెంట్రుక కూడా దూరనంత సన్నగా ఉంటాయి, పన్ను పూర్తిగా పైకి వచ్చేదాకా నెలల తరబడి మిగతా పళ్ళ కంటె పల్లంలో ఉండి బ్రష్షుకు అందదు. “పాలపన్నే కదా, ఊడిపోతుందిలే” అంటూ బిడ్డను తెచ్చిన తల్లికి, అది అరవై డెబ్బయ్యేళ్ళు ఉండవలసిన పన్ను అనీ, అప్పటికే నరం దాకా పుచ్చిందనీ చెప్పవలసి రావడం నా పనిలో నాకు కష్టమైన ఘట్టం. ఆ గాళ్ళను పన్ను వచ్చిన కొత్తలోనే పలచటి పూతతో మూసేస్తే, దాన్నే సీలెంట్ అంటాం, ఈ పుచ్చులో చాలా భాగం ఆపవచ్చు. మత్తు, డ్రిల్లు అవసరం లేదు, పంటికి కొద్ది నిమిషాల పని. ఆరు, ఏడేళ్ళ పిల్లల కోసమే ఒక బల్ల విడిగా పెడితే మీ శిబిరం చేసే అన్ని పనుల్లోకీ అదే ఎక్కువకాలం నిలిచే పని అవుతుంది.

ఫ్లోరైడ్ సంగతి మన తెలుగువారికి సున్నితమైనది, కనుక నిదానంగా చెబుతాను. ఈ నగరంలో ఉన్న మనవారిలో నల్గొండ నుంచి, కనిగిరి వైపు నుంచి, అనంతపురం నుంచి, ఇటు బాగేపల్లి, చింతామణి, పావగడల నుంచి వచ్చినవారు ఎందరో ఉన్నారు. 1937లోనే అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో, నీటిలోని ఎక్కువ ఫ్లోరైడ్ వల్ల మనుషుల ఎముకలు, పళ్ళు దెబ్బతింటున్నాయని వైద్యులు నమోదు చేశారు. వంగిన నడుములు, గారపళ్ళు చూసి పెరిగినవారికి ఆ పేరు వింటేనే భయం. అందుకే పేస్టు డబ్బా మీద ఫ్లోరైడ్ అని కనబడితే పక్కన పెట్టి, లేనిది కొంటున్నారు. ఆ భయాన్ని నేను గౌరవిస్తాను. కాని జరిగే పని వేరు. ఎముకలకు, పళ్ళకు హాని చేసేది ఏళ్ళ తరబడి మింగిన ఎక్కువ ఫ్లోరైడ్. తాగే నీటిలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండవచ్చనీ, వేరే దారి లేకుంటే 1.5 దాకా అనుమతించవచ్చనీ భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. పేస్టులోని ఫ్లోరైడ్ పంటి మీదనే పనిచేస్తుంది. కరిగిన చోట ఖనిజం తిరిగి పేరుకోవడానికి తోడ్పడి, మునుపటి కంటె ఎక్కువ ఆమ్లాన్ని తట్టుకునేలా చేస్తుంది. తోముకుని ఉమ్మేసే పెద్దవారికి దానివల్ల ప్రమాదం లేదు. మింగే అలవాటున్న చిన్నపిల్లలకు కొలత పాటించాలి: మూడేళ్ళ లోపు బియ్యపుగింజంత, ఆరేళ్ళ దాకా బఠాణీగింజంత. ఉమ్మిన తరువాత నీళ్ళు పోసుకుని బాగా పుక్కిలించకుండా ఉంటే పేస్టు ఎక్కువసేపు పనిచేస్తుంది.

ఇందులో ఒక విచిత్రమైన మలుపు కూడా ఉంది. బాగేపల్లిలో బోరునీళ్ళు తాగి పెరిగిన తండ్రికి పళ్ళ మీద ఫ్లోరోసిస్ మచ్చలు, అంటే ఎక్కువ ఫ్లోరైడ్ వల్ల వచ్చిన మచ్చలు ఉంటాయి, పుచ్చు ఉండకపోవచ్చు. అదే తండ్రికి బెంగళూరులో పుట్టిన కొడుకు కావేరి నీళ్ళనో, ఆర్‌.ఓ. యంత్రంలో వడగట్టిన నీళ్ళనో తాగుతాడు. నదీజలాల్లో సాధారణంగా ఫ్లోరైడ్ తక్కువ, ఆర్‌.ఓ. యంత్రం ఉన్నదాన్ని కూడా చాలావరకు తీసేస్తుంది. భయంతో పేస్టు కూడా ఫ్లోరైడ్ లేనిదే వాడితే ఆ పిల్లవాడి పళ్ళకు ఏ వైపు నుంచీ అది అందదు. తండ్రి గోధుమరంగు మచ్చలను చూసి శిబిరంలో కార్యకర్తలు “గార పట్టింది, తోముకోండి” అనడం, ఆయన ఊరుకోవడం నేను విన్నాను. ఆ మచ్చలు ఎంత తోమినా పోవు. అవి పంటి లోపలివి, ఆయన తప్పేమీ లేదు. ఫ్లోరోసిస్ ముదిరి ఎనామెల్ మీద గుంటలు పడ్డవారికి మాత్రం ఆ గుంటల్లో పాచి నిలిచి పుచ్చు కూడా రావచ్చు. వారిని విడిగా చూడాలి.

సూక్ష్మజీవుల గురించి క్లుప్తంగా. ఇవి పుట్టుకతో నోట్లో ఉండవు. తొలి రెండు మూడేళ్ళలో, ఎక్కువగా బిడ్డను సాకే మనిషి లాలాజలం ద్వారా, ముఖ్యంగా తల్లి నుంచి బిడ్డకు చేరతాయి. తల్లి నోట్లో వైద్యం జరగని పుచ్చులు ఎక్కువగా ఉంటే బిడ్డకు తొందరగా, ఎక్కువగా చేరే అవకాశం ఉంది. తల్లి బిడ్డకు ముద్దు పెట్టరాదని నేను అనడం లేదు. గర్భిణికి, బాలింతకు పళ్ళ వైద్యం ముందు చేయించడమే బిడ్డకు చేసే మేలు. కడుపులో బిడ్డ తల్లి పళ్ళలోని కాల్షియం లాగేసుకుంటుందన్న నమ్మకం వల్ల చాలామంది ఆడవాళ్ళు కాన్పు తరువాత పళ్ళు పోవడం సహజమే అనుకుని ఊరుకుంటున్నారు. అందులో నిజం లేదు. వేవిళ్ళ వాంతులు, వేళకాని వేళ చిరుతిళ్ళు, తోముకోబోతే వచ్చే వికారం, చిగుళ్ళ వాపు ఇవే అసలు కారణాలు. గర్భిణులకు పళ్ళ వైద్యం చేయించుకోవచ్చనీ, నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా కూర్చోవడానికి కూడా సులువనీ మీ మహిళా విభాగాలు చెప్పగలవు.

ఇన్ని కారణాలు చెప్పినా, అన్నిటి వెనకా ఉన్నది డబ్బు, సమయం, దూరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం శాశ్వత పళ్ళలో పుచ్చు ఉన్నవారు ప్రపంచంలో సుమారు 200 కోట్ల మంది. పాలపళ్ళు పుచ్చిన పిల్లలు 51 కోట్లకు పైనే. ఈ భారం పేదవారి మీద ఎక్కువ. కూలికి వెళ్ళే మనిషి పంటినొప్పి మొదలైన రోజున ఒక పూట పని మానుకోలేడు. నొప్పిమాత్ర మింగి, లవంగం నమిలి, ఆ పన్ను పీకించుకోవలసిన స్థితికి వచ్చాకే వస్తాడు. అప్పటికి రూట్ కెనాల్ ఖర్చు పెట్టుకోలేడు. పెద్దలకు ప్రభుత్వమే ఉచితంగా కట్టుడుపళ్ళు ఇచ్చే దంతభాగ్య పథకం కర్ణాటకలో ఉంది, దానివల్ల అన్నం నమలగలుగుతున్న పేదలను నేను చూశాను. పళ్ళన్నీ పోకముందు చేయవలసిన పని మాత్రం ఇప్పటికీ మిగిలే ఉంది, మీ శిబిరాలు ఉన్నది అక్కడే.

ఇక మీరు ఏం చేయాలని కోరుతున్నానో చెబుతాను. పలువరుస పోటీని, మైకులో మందలింపును ఈ ఏడాదితోనే మానండి. పుచ్చు ఉన్నదీ లేనిదీ ఆ బిడ్డకు, తల్లిదండ్రులకు తప్ప మరెవరికీ వినిపించకూడదు. పేరు నమోదు చేసుకునే బల్ల దగ్గర, బ్రష్షు ఇవ్వకముందే, తెలుగులోను కన్నడంలోను అచ్చువేసిన ఒక పుట ప్రశ్నలు అడిగించండి. గడిచిన రెండేళ్ళలో పన్ను పుచ్చిందా, పీకించారా అన్నది అందులో మొదటి ప్రశ్న కావాలి, ఎందుకంటే ఇకముందు ఎవరికి పుచ్చుతుందో చెప్పడానికి ఇదివరకు పుచ్చిందా అన్నదాన్ని మించిన గుర్తు లేదు. రోజూ వాడే మందులేమిటి, రాత్రి నోరు ఎండుతుందా, భోజనాల మధ్య టీ, కాఫీ, బిస్కట్టు, తీపి కలిపి ఎన్నిసార్లు, పసిబిడ్డ పాలసీసాతో నిద్రపోతుందా, ఏ ఊరి నీళ్ళు తాగి పెరిగారు, ఇప్పుడు ఏ నీళ్ళు, పేస్టులో ఫ్లోరైడ్ ఉందా అన్నవి తరువాత. చదువుకున్న ఏ యువ కార్యకర్త అయినా ఐదు నిమిషాల్లో అడగగలడు. ఈ జవాబులు నా చేతికి వస్తే, నోరు తెరిపించకముందే ఎవరి దగ్గర ఎక్కువసేపు ఆగాలో నాకు తెలుస్తుంది.

చిన్నపిల్లలను చూసేటప్పుడు పై పెదవి ఎత్తి చూడడం మీ కార్యకర్తలకు, తల్లులకు నేర్పుతాను. చిగురు అంచును ఆనుకుని, ముందుపళ్ళ మీద, సుద్దతో గీసినట్టు మెరుపు లేని తెల్లని గీత కనబడుతుంది. గుడ్డతో తుడిచి ఆరనిస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. అది పుచ్చుకు మొదటి దశ. గుంట ఇంకా పడలేదు కనుక అక్కడినుంచి పుచ్చును వెనక్కి తిప్పగలం. రాత్రి పాలసీసా మాన్పించి, మూడు నెలలకో ఆరు నెలలకో ఫ్లోరైడ్ వార్నిష్ పూస్తూ వస్తే ఆ గీత గట్టిపడి ఆగిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. అదే గీతను ఎవరూ చూడకపోతే ఏడాదిలో గోధుమరంగుకు తిరిగి, పన్ను మొదలంటా విరిగిపోవచ్చు. గుంట పడిన పాలపళ్ళకు కూడా డ్రిల్లు లేకుండా పుచ్చును ఆపే సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే మందు ఉంది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని, ఫ్లోరైడ్ పేస్టును అత్యావశ్యక మందుల పట్టికలో చేర్చింది. పూసిన చోట పన్ను నల్లబడుతుంది కనుక తల్లిదండ్రులకు ముందే చెప్పి ఒప్పించాలి.

దీనికంతటికీ డబ్బు ఎక్కడినుంచి వస్తుందని మీరు అడుగుతారు. ఒక్క పెద్ద శిబిరంలో వందలాది మందికి పంచే కిట్లు, వేదిక, శాలువాలు, ఫ్లెక్సీల ఖర్చులో కొంత తగ్గించి, ముప్పు ఎక్కువని తేలిన పిల్లలను, పెద్దలను మాత్రం ఏడాదికి రెండుసార్లు తిరిగి పిలిపించండి. ముప్పు తక్కువవారికి ఏడాదికి ఒక చూపు చాలు. పౌరకార్మికుల కాలనీలో శిబిరం ఉదయం తొమ్మిదింటికి పెడితే ఎవరూ రాలేరు, వారి పని ముగిసే మధ్యాహ్నం తరువాత పెట్టాలి. భవన నిర్మాణ కూలీలకు ఆదివారం ఒక్కటే వీలు, అదీ సంత చేసుకుని వచ్చాక. పెద్ద వైద్యం కావలసినవారిని కోట ప్రాంతంలో విక్టోరియా ఆసుపత్రి దగ్గర ఉన్న ప్రభుత్వ దంతవైద్య కళాశాలకు పంపేటప్పుడు కన్నడం తెలిసిన ఒక కార్యకర్తను తోడు పంపండి. చీటీ మాత్రమే ఇచ్చి పంపినవారిలో చాలామంది అక్కడిదాకా వెళ్ళడం లేదు.

ప్రశ్నల పుట తెలుగు, కన్నడ ప్రతులు రెండూ నేను రాసి ఉంచాను. పై పెదవి ఎత్తి చూడడం, సీలెంట్ బల్ల ఏర్పాటు గురించి మీ కార్యకర్తలకు ఒక ఆదివారం ఉదయం ఉచితంగా శిక్షణ ఇవ్వడానికి నాతో పాటు మరి కొందరు తోటి దంతవైద్యులు కూడా సిద్ధంగా ఉన్నారు. రాబోయే శిబిరానికి సామగ్రి కొనకముందే, అంటే కిట్ల ఆర్డరు ఇవ్వకముందే, ఈ విషయాన్ని మీ కార్యవర్గ సమావేశంలో చర్చకు పెట్టి, తేదీ తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. పిలిస్తే వచ్చి మీ సందేహాలన్నిటికీ జవాబు చెబుతాను.

ఇట్లు,
మీ శిబిరాలలో సేవచేసే ఒక దంతవైద్యురాలు,
బెంగళూరు.